కొత్తదా, పాతదా, లీజా, క్యాబా: 72 వేల జీతానికి కారు లెక్క

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. నిజాంపేటలో అద్దెకి ఉంటున్నారు. చేతికొచ్చేది 72 వేలు, అందులో 18 వేలు ఇంటద్దెకి పోతుంది. దాచుకున్నది 3 లక్షలు. మూడేళ్ల పాప ఉంది. ఆఫీసుకి వారానికి మూడు రోజులు బైకు మీద వెళ్తున్నారు. నెలకోసారి ఖమ్మం పక్కన ఊరికి వెళ్లాలి, నాన్నగారికి మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. షోరూమ్ వాళ్లు ఏడేళ్ల లోన్ మీద పది లక్షల కొత్త కారు ఇస్తామంటున్నారు. ఆఫీసులో హెచ్‌ఆర్ లీజు తీసుకోమంటోంది. బావమరిది సెకండ్ హ్యాండ్ అంటున్నాడు. స్నేహితుడేమో అసలు కారెందుకు, క్యాబ్ బుక్ చేసుకో అంటున్నాడు. వీళ్లలో ఎవరి మాట వినాలి?

బావమరిది మాట వినండి. నాలుగు లక్షలకి కాస్త అటూఇటూగా, నాలుగైదేళ్లు తిరిగిన పెట్రోల్ బండి చూడండి. సగం మీ డబ్బు, సగం మూడేళ్లకి మించని లోన్. ఆఫీసుకి బైకు మాత్రం మానకండి. లీజు మీ జీతానికి దండగ, ఎందుకో కింద చెబుతాను. ఏడేళ్ల లోన్ జోలికి అస్సలు పోవద్దు.

ఇలా చెప్పడానికి నేనెవరినంటే, విజయవాడలో ఒక షోరూమ్ సేల్స్‌లో మొదలుపెట్టాను. తర్వాత పదకొండేళ్లు కారు లోన్లు చేయించాను. ఇప్పుడు కూకట్‌పల్లి వైపు సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీ నడుపుతున్నాను. పాత బండ్లు అమ్ముకునేవాడు పాత బండే కొనమంటాడు కదా అనుకుంటే అనుకోండి, తప్పులేదు. అందుకే మాటలకన్నా లెక్కలు ఎక్కువ పెడుతున్నాను. మీరే కూడి చూసుకోండి.

ముందు కొత్త కారు. 8.40 లక్షల ఎక్స్-షోరూమ్ ధర ఉన్న బండి అనుకుందాం. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల మధ్య బండికి లైఫ్ టాక్స్ 14 శాతం. అంటే లక్షా పదిహేడు వేల పైచిలుకు. ఇన్సూరెన్స్ ఓ నలభై వేలు. కొత్త బండికి మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, ఒకేసారి కట్టాలి కాబట్టి మొదటిసారి అది బరువుగానే ఉంటుంది. ఇక్కడికే పది లక్షలు అయిపోయింది. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారుంటే లైఫ్ టాక్స్ ఇంకో 2 శాతం పడేది, మీకు ఆ గొడవ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అది మాత్రం నిజంగానే కలిసొచ్చింది. లేకపోతే ఇదే బండి ఇంకా పైన ఉండేది.

ఇప్పుడు రెండు లక్షలు మీరు కట్టి, 8 లక్షలు లోన్ పెట్టారనుకోండి. వడ్డీ 9 శాతం. ఐదేళ్లకైతే నెలకి 16,607 రూపాయలు, మొత్తం వడ్డీ లక్షా తొంభై ఆరు వేలు. ఏడేళ్లకైతే నెలకి 12,871, వడ్డీ రెండు లక్షల ఎనభై ఒక్క వేలు. షోరూమ్‌లో మీకు ఆ 12,871 ఒక్కటే చూపిస్తారు. నేను సేల్స్‌లో ఉన్నప్పుడు మాకు మొదటి వారంలో నేర్పింది కూడా అదే. కస్టమరు "ఎంత?" అని అడిగితే ధర చెప్పకు, నెలకెంతో చెప్పు. ఇంకా బేరమాడితే "రోజుకి 430 రూపాయలు సార్, ఇంట్లో అందరూ బిర్యానీ తింటే అయ్యే ఖర్చు" అను. అని అమ్మాను కూడా.

కానీ ఈఎమ్ఐ ఒక్కటే ఖర్చు కాదుగా. ఊరికి వెళ్లి వస్తే నాలుగు వందల కిలోమీటర్లు, సిటీలో మూడు వందలు, వెరసి నెలకి 700 అనుకుందాం. లీటరుకి 16 ఇస్తే, పెట్రోల్ లీటరు 107 అనుకుంటే 4,700. ఇన్సూరెన్స్ నెలకి చీలిస్తే 1,800. సర్వీసింగ్ 800. టోల్, పార్కింగ్, కడిగేవాడికి కలిపి వెయ్యి. అన్నీ కూడితే 21 వేలు దాటింది. అద్దె 18 వేలు తీసేసిన మీ 54 వేలలోంచి ఇది పోతే మిగిలేది 33 వేలు. అందులో పాప స్కూలు, ఇంటి సామాన్లు, ఊరికి పంపేది. వచ్చే ఏడు స్కూలు ఫీజు ఎంతో ఒకసారి అడిగి చూడండి, అప్పుడు అర్థమవుతుంది టెన్షన్.

ఏడేళ్ల లోన్‌లో అసలు దెబ్బ ఇంకొకటి ఉంది. రెండేళ్ల క్రితం మా షాపుకి ఒకాయన వచ్చాడు. సరిగ్గా ఇలాంటి లోనే, 8 లక్షలు, ఏడేళ్లు. మూడేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టాడు. ఉద్యోగం పోయింది, బండి అమ్మేయాలి. నా టేబుల్ మీద స్టేట్‌మెంట్ పరిచాడు. బాకీ ఎంతుంది? 5 లక్షల 17 వేలు. ముందే క్లోజ్ చేస్తున్నందుకు బ్యాంకు చార్జీలు ఇంకో 18 వేలు. నేను బండికి ఇవ్వగలిగింది 5 లక్షల 10 వేలు. ఆయన కాసేపు నా కాలిక్యులేటర్ తీసుకుని తనే మళ్లీ కొట్టుకున్నాడు. రెండు లక్షల డౌన్‌పేమెంట్, ముప్పై ఆరు నెలల్లో నాలుగు లక్షల అరవై మూడు వేలు, ఇంత కట్టి, బండి వదిలించుకోవడానికి ఎదురు ఇంకో పాతిక వేలు కట్టాలి. "అంటే మూడేళ్లు నేను అద్దెకి తిరిగినట్టా?" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. టీ తెప్పించాను.

అదే లోన్ ఐదేళ్లకి పెట్టుంటే ఆ రోజుకి బాకీ 3 లక్షల 63 వేలు. అమ్మి, లోన్ తీర్చి, లక్షా పాతిక వేల పైన జేబులో వేసుకుని వెళ్లేవాడు. అందుకే నా దగ్గరికి వచ్చే అందరికీ చెప్పేది ఇదే: ఐదేళ్ల ఈఎమ్ఐ కట్టలేని బండి మనది కాదు. ఏడేళ్లకి సాగదీస్తే అది మనదైపోదు.

లోన్ ముందే తీర్చేస్తాలే అనుకునేవాళ్లకి ఒక మాట. కారు లోన్లలో చాలావరకు ఫిక్స్‌డ్ వడ్డీవే. 2026 జనవరి 1 నుంచి ఇచ్చిన ఫ్లోటింగ్ లోన్లకి (మధ్యలో వడ్డీ రేటు మారే రకం), సొంత వాడకానికి తీసుకున్నవాటికి, ముందస్తు చార్జీలు వేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఫిక్స్‌డ్‌కి అది వర్తించదు. సంతకం పెట్టేముందు మీ లోన్ ఏ రకమో, ముందే కడితే ఎంత వేస్తారో కాగితం మీద చూడండి. సేల్స్ కుర్రాడి నోటిమాట లెక్కలోకి రాదు.

ఇక లీజు. హెచ్‌ఆర్ చెప్పింది అబద్ధం కాదు, మీకు సరిపడదు అంతే. లీజులో బండిని కంపెనీ లీజుకిచ్చే సంస్థ దగ్గర తీసుకుంటుంది. నెల అద్దె మీ జీతంలోంచి పన్ను లెక్క కట్టకముందే కోసేస్తారు. 30 శాతం పన్ను కట్టేవాడికి ఆ కోసిన దాని మీద పన్ను మిగులుతుంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అందులోనే కలిసిపోతాయి. మూడు నాలుగేళ్లయ్యాక మిగిలిన విలువ కట్టి బండి మీ పేరు మీదకి మార్చుకోవచ్చు. నెలకి రెండు లక్షల పైన జీతం ఉండి, అదే కంపెనీలో నాలుగేళ్లు ఉంటానన్న నమ్మకం ఉన్నవాళ్లకి నేనే లీజు తీసుకోమని చెబుతాను.

మీ సంగతి చూడండి. చేతికి 72 వేలు అంటే పీఎఫ్ అదీ కలిపినా ఏడాదికి పది లక్షలకి అటూఇటూ. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకి 12.75 లక్షల దాకా పన్నే లేదు. అంటే మీరు ఇప్పుడు ఆదాయపు పన్ను కట్టడం లేదు. కట్టని పన్నుని లీజు ఎక్కడినుంచి మిగులుస్తుంది? మిగిలేది అద్దె, దాని మీద జీఎస్టీ. మీ హెచ్‌ఆర్ ఈ ముక్క చెప్పిందో లేదో ఒకసారి అడిగి చూడండి.

ఉద్యోగం మారితే ఇంకో తలనొప్పి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకమ్మాయి లీజు మీద బండి తీసుకుని పద్నాలుగో నెలలో వేరే కంపెనీలో మంచి ఆఫర్ వస్తే రాజీనామా చేసింది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో మిగిలిన లీజు తాలూకు చార్జీ కోసేశారు. బండి కావాలంటే మిగిలిన మొత్తం కట్టి తీసుకో, వద్దంటే తిరిగిచ్చెయ్ అన్నారు. తిరిగిచ్చేసింది. జాయినింగ్ బోనస్ అంతా దీనికే పోయిందని లిఫ్టులో కనిపించినప్పుడల్లా చెబుతుంది. మీరు ప్రశ్నలోనే "ఏడాదిలో కంపెనీ మారే ఆలోచన ఉంది" అని రాశారు, ఇంక లీజు మాట వదిలేయండి.

నెలవారీ సబ్‌స్క్రిప్షన్లు కూడా దీనికి చుట్టాలే. డౌన్‌పేమెంట్ లేదు, ఇన్సూరెన్స్ వాళ్లదే, ఏడాదో రెండేళ్లో వాడి ఇచ్చేయొచ్చు. రెండేళ్లకి ఊరు మారే ఉద్యోగమైతే బాగుంటుంది. నేను చూసిన కోట్‌లలో చిన్న బండికి కూడా పదిహేను వేల పైనే పడుతోంది, పైగా నెలకిన్ని కిలోమీటర్లని హద్దు ఉంటుంది. ఖమ్మం రెండుసార్లు వెళ్తే ఆ హద్దు దాటేయొచ్చు.

మీ స్నేహితుడి మాట. ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. రూపాయల్లోనే చూస్తే ఆయనే గెలుస్తాడు. సిటీలో నెలకి పన్నెండు క్యాబ్‌లు, ఒక్కోటి మూడు వందలు వేసుకుంటే 3,600. ఊరికి రెండు రోజులు సెల్ఫ్ డ్రైవ్ బండి తీసుకుంటే అద్దె, పెట్రోల్, టోల్ కలిపి ఏడెనిమిది వేలు. మొత్తం పదకొండు పన్నెండు వేలు. కొత్త కారు ఖర్చులో సగం. ఊరికి బస్సులో వెళ్తే ఇంకా చవక. నెలకి మూడు నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగని చాలామందికి నేను ఇదే చెప్పి, నా బండి అమ్మకుండానే పంపించేశాను. మా ఆవిడ దీని మీద ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

మరి మీకెందుకు వద్దంటున్నానంటే నాన్నగారి మోకాళ్ల వల్ల. ఆపరేషన్ అయ్యాక కుట్లు తీయడానికి, ఫిజియోథెరపీకి, చెకప్‌లకి రెండు మూడు నెలలు తిరుగుడు ఉంటుంది. కాలు చాపుకుని, మధ్యలో రెండుసార్లు ఆగుతూ రావాలి. వాన పడ్డప్పుడు సాయంత్రం ఆరింటికి నిజాంపేటలో క్యాబ్ దొరకడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి సార్?" అని అడిగి కట్ చేస్తాడు. పాత కారుకి నెలకి అదనంగా నాలుగైదు వేలు పెట్టడం ఆ ఒక్క కారణానికి నాకు సబబుగానే అనిపిస్తోంది. ఆ అవసరమే లేకపోతే మీ స్నేహితుడికే ఓటు వేసేవాణ్ని.

సెల్ఫ్ డ్రైవ్ తీసుకుంటే మాత్రం నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. అద్దెకివ్వడానికి రిజిస్టరైన బండికి ఆ ప్లేటే ఉంటుంది. తెల్ల ప్లేటు సొంత బండిని తెలిసినవాళ్ల ద్వారా చవగ్గా ఇస్తామంటారు, దాంట్లో ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. మా పెదనాన్న కొడుకు ఈఎమ్ఐ భారం తగ్గుతుందని తన వైట్ బోర్డు బండిని వారాంతాల్లో అద్దెకి తిప్పాడు. సూర్యాపేట దాటాక డివైడర్‌కి కొట్టింది. అద్దెకి తీసుకున్న కుర్రాడు ఇన్సూరెన్స్ సర్వేయరు అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. క్లెయిమ్ పోయింది. లక్షా ఎనభై వేల రిపేరు వీడే కట్టుకున్నాడు, ఈఎమ్ఐ ఎలాగూ ఉంది.

డబ్బు సర్దుకునే దారులు. పాత బండి నాలుగు లక్షల ఇరవై వేలు అనుకుందాం. మీ మూడు లక్షల్లోంచి రెండే తీయండి. మొత్తం ఊడ్చి పెట్టొద్దు. ముప్పై వేలు కొన్న వెంటనే పెట్టే ఖర్చుకి, అంటే టైర్లు, బ్యాటరీ, ఆయిల్ మార్పు. మిగతా డెబ్భై వేలు అలాగే ఉండనివ్వండి, ఆపరేషన్ ముందుంది. ఇంక కావాల్సింది 2.20 లక్షలు. 13 శాతానికి మూడేళ్లకి తీసుకుంటే నెలకి 7,400 చిల్లర. పెట్రోల్ 5 వేలు, ఇన్సూరెన్స్ వెయ్యి, రిపేర్లకి తప్పకుండా పక్కన పెట్టాల్సిన 2 వేలు, టోల్ వగైరా వెయ్యి. వెరసి 16,400. మూడేళ్ల తర్వాత అది 9 వేలకి దిగుతుంది. అప్పటికి బండి అమ్మినా రెండున్నర లక్షలు రావాలి.

పాత కారు లోన్ అడిగినప్పుడు "ఫ్లాటా, రెడ్యూసింగా?" అనేది మీ మొదటి ప్రశ్న కావాలి. "సార్, ఆరు శాతమే" అని చెప్పేవాళ్లు ఉంటారు. అది ఫ్లాట్ అయితే, నాలుగు లక్షలకి ఐదేళ్లలో లక్షా ఇరవై వేల వడ్డీ మొదటే కలిపేసి అరవైతో భాగిస్తారు. నెలకి 8,667. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు. దాన్ని రెడ్యూసింగ్ లెక్కలోకి, అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే లెక్కలోకి మారిస్తే 10.85 శాతం. ఆరు శాతం ఫ్లాట్ చెప్పినవాడికన్నా పదిన్నర శాతం రెడ్యూసింగ్ చెప్పినవాడు చవక. నేను లోన్లు చేయించిన రోజుల్లో ఇది తెలిసి అడిగినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు.

ఇంట్లో బంగారం ఉంటే గోల్డ్ లోన్ తరచుగా పాత కారు లోన్ కన్నా తక్కువ వడ్డీకి వస్తుంది. ఆర్‌సీ మీద హెచ్‌పీ (బండి మీద అప్పు ఉందని అప్పిచ్చినవాళ్ల పేరు) కూడా ఎక్కదు, రేపు అమ్మాలంటే ఎవరి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) అక్కర్లేదు. కాకపోతే ఏడాది చివర్లో ఒకేసారి కట్టే రకం తీసుకుని వడ్డీ పేరబెట్టుకుంటూ పోకండి. నెలనెలా అసలు కట్టే రకం అడగండి. ఇంట్లో ఆవిడకి చెప్పే తీసుకోండి, ఈ సలహా ఊరికే ఇవ్వడం లేదు.

చిట్టీ సంగతి కూడా అడుగుతారు చాలామంది. నా మొదటి కారు చిట్టీతోనే కొన్నాను. 2006లో, 1999 మోడల్ మారుతీ 800. లక్ష చిట్టీ, పాతిక మంది, నెలకి నాలుగు వేలు. ఏడో నెలలో 28 వేలు తోసి పాడాను. చేతికి 72 వేలు వచ్చాయి. ఆ 28లో ఐదు వేలు నిర్వాహకుడి కమిషను పోగా మిగిలిన 23 వేలు పాతిక మందికి పంచితే మనిషికి 920 తగ్గింది. పాట బాగుందనుకున్నాను. తర్వాత కూర్చుని లెక్కేస్తే, ముందు పాడుకున్నవాడు అప్పు తీసుకున్నట్టు, చివర పాడుకున్నవాడు దాచుకున్నట్టు అని అర్థమైంది. మొదట్లో పాడితే బ్యాంకు లోన్ కన్నా ఖరీదు. మీకు ఇప్పటికే సగం దాటిన చిట్టీ ఉంటే, పాట పలచబడ్డాక పాడుకుని వాడుకోండి. కారు కోసమని కొత్తగా వేసి మూడో నెలలో పాడొద్దు. వేస్తే రిజిస్టరైన చిట్టీలోనే వేయండి.

ప్రైవేటు ఫైనాన్స్ మాత్రం వద్దు. "నూటికి రెండు రూపాయలే" అంటారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు ముందే తీసుకుంటారు. ఆ ఫారాలు పేరు మార్పిడివి. అంటే రెండు నెలలు ఆలస్యమైతే బండి ఎత్తుకెళ్లి, మీ సంతకంతోనే వేరొకరికి అమ్మే ఏర్పాటు మీరే చేసి ఇచ్చినట్టు.

ఎలక్ట్రిక్ గురించి రెండు ముక్కలు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు, 2026 డిసెంబరు 31 దాకా అన్నారు. 2024లో ఎంజీ విండ్సర్ వచ్చినప్పుడు బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి పెట్టింది. బండి 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయలు. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగి, సొంత పార్కింగులో చార్జింగ్ పాయింట్ ఉన్నవాడికి ఎలక్ట్రిక్ బాగుంటుంది. అద్దె ఇంటి సెల్లార్‌లో మీటరు పెట్టించడానికి ఓనరునీ అసోసియేషన్‌నీ ఒప్పించాలి. 700 కిలోమీటర్లకి అంత యుద్ధం అనవసరం.

ఇప్పుడు పాత బండి ఎలా చూడాలి. ఇది నా రోజువారీ పని కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పొద్దున్నే వెళ్లండి. నేను రాకముందు స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరొచ్చేముందే ఇంజన్ తిప్పారు. ఎందుకు తిప్పారో అడగండి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చెప్పే నిజం తర్వాత చెప్పదు, చప్పుడు గానీ పొగ గానీ.

మీటరు మీద 38 వేలు ఉండొచ్చు. కానీ బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా మెరుస్తుంటే, డ్రైవరు సీటు కుడి అంచు నలిగి పోయి ఉంటే, అది 38 వేల బండి కాదు. మీటరు తిప్పడం అంత కష్టమేమీ కాదు. పెడల్ రబ్బరు మార్చాలని మాత్రం చాలామందికి గుర్తుండదు. నంబరు చెప్పి కంపెనీ షోరూమ్‌లో సర్వీస్ రికార్డు తీయించండి. ఏ తేదీకి ఎంత రీడింగ్ ఉందో అందులో ఉంటుంది.

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే చివరి మూరలో బురద గీత కనిపిస్తే ఆ బండి నీళ్లలో మునిగింది. స్టెప్నీ తీసి దాని కింద గుంటలో చేయి పెట్టండి, ఇసుక తగిలినా తుప్పు తగిలినా అంతే. 2016 సెప్టెంబరులో మీ నిజాంపేటలోనే బండారి లేఅవుట్ మునిగింది గుర్తుందా? ప్రతి వానాకాలం తర్వాత అలాంటి బండ్లు కొన్ని తళతళా కడిగి మార్కెట్లోకి వస్తాయి. ధర యాభై వేలు తక్కువ ఉంటుంది, ఏడాదిలో వైరింగ్ లక్ష తింటుంది.

ధర బాగా తక్కువగా కనిపించే ఇంకో రకం ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో చవగ్గా ఇటు దిగుతూ వచ్చాయి. మీకు ఖమ్మం నుంచి విజయవాడ దగ్గర కాబట్టి ఏపీ బండ్లు కూడా కంటపడతాయి. బండి మంచిదే కావచ్చు. కానీ వేరే రాష్ట్రం బండిని ఇక్కడ మీ పేరు మీద చేయించుకోవాలంటే అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. తెలంగాణ బండికైతే లైఫ్ టాక్స్ మొదటి ఓనరే కట్టేసి ఉంటాడు, మీకు మార్పిడి ఫీజులతో పోతుంది. నంబరు ప్లేటు మీద టీఎస్ ఉన్నా టీజీ ఉన్నా తేడా లేదు, 2024 మార్చి నుంచి అక్షరాలు మారాయి అంతే.

ఆర్‌సీలో హెచ్‌పీ ఉందేమో చూడండి. "లోన్ ఎప్పుడో తీరిపోయింది సార్" అంటే చాలదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చి ఆర్టీఓ దగ్గర తీయించాకే డబ్బు మొత్తం ఇవ్వండి. ఒకాయన లోన్ తీర్చిన నాలుగేళ్లకి నా దగ్గరికి అమ్మకానికి తెచ్చాడు. ఈలోగా ఆ బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయింది. పాత ఎన్‌ఓసీ గడువు అయిపోయింది. కొత్తది రావడానికి రెండు నెలలు పట్టింది, కొనేవాడు మనసు మార్చుకున్నాడు.

ఇన్సూరెన్స్‌ని పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి. మార్చకపోతే థర్డ్ పార్టీ వరకు పనికొస్తుంది గానీ మీ బండికి జరిగిన డ్యామేజీకి రూపాయి రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనతోనే వెళ్లిపోతుంది, బండితో రాదు. కాబట్టి ఆ తేడా మీరు కట్టాల్సి వస్తే ఆశ్చర్యపోకండి. ఇంజన్ ప్రొటెక్షన్ మాత్రం అదనంగా తీసుకోండి. సెల్లార్‌లో నీళ్లు నిండినప్పుడు బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్ పట్టేస్తుంది, మామూలు పాలసీలో దానికి డబ్బు రాదు. నీళ్లు వచ్చిన బండికి తాళం తిప్పొద్దు, టోయింగ్ చేయించండి.

ఫాస్టాగ్‌కి వార్షిక పాస్ ఉంది, 2025 ఆగస్టు 15న 3 వేలతో మొదలైంది. 200 ట్రిప్పులు లేదా ఏడాది. ఒక్కో టోల్ గేటు దాటితే ఒక ట్రిప్పు. విజయవాడ హైవే మీది పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల మీదుగా నెలనెలా వెళ్లి వస్తే మీకు పాస్ కలిసొస్తుంది. ఔటర్ రింగు రోడ్డు మీద ఇది పనిచేయదు, అక్కడ మామూలుగానే కోస్తుంది.

చివరిగా ఒకటి. మోడల్ పేరు అడిగారు గానీ నేను చెప్పను. ఈసారి నాన్నగారు హైదరాబాద్ వచ్చినప్పుడు బండి చూడటానికి ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ముందు సీట్లో ఎక్కి దిగమనండి. బాగా కిందికి ఉండే బండిలో మోకాళ్ల మనిషి కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం పది ఎత్తులు. మా షాపుకి వచ్చిన ఒక పెద్దాయన డోరు పైన పట్టుకోవడానికి హ్యాండిల్ ఉందో లేదో ఒక్కటే చూశాడు. డ్రైవరు పక్క సీటుకి ఉంది, వెనక లేదు. "ముందే కూర్చుంటాలే" అని చెప్పి బేరం ముగించాడు. సీటు ఎత్తు ఆయన నడుముకి కొంచెం కిందగా, పక్కకి జరిగి కూర్చునేలా ఉంటే చాలు. అది సరిపోయిన బండికే పెడల్ రబ్బరు, సీటు బెల్టు చూడటం మొదలుపెట్టండి.